కదలకుండా కూర్చున్న ఫైనల్

నా ఉద్యోగం పోయిన నలభై ఆరో రోజున అమెరికాకీ కెనడాకీ ఐస్ హాకీ ఫైనల్ జరిగింది. వీసా లెక్కన అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. అప్పటికే రెండు కంపెనీలు కాదన్నాయి. మూడోదాని ఫోన్ కోసం వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మేముండే రెడ్‌మండ్‌లో స్కూళ్ళకి సెలవు. మా ఆవిడ సరుకులకి వెళ్ళింది. పదేళ్ళ మా అమ్మాయీ నేనూ మధ్యాహ్నం రెండింటికే టీవీ ముందు చేరాం. దానికి హాకీ అంటే ప్రాణం. నాకా, ఆ నల్ల బిళ్ళ ఎక్కడుందో కనిపించి చస్తేగా! అయినా క్రికెట్ చూసిన అలవాటు ఊరుకుంటుందా? అమెరికా మొదటి గోల్ కొట్టినప్పుడు నేను సోఫాకి ఎడమ చివర కాలు మీద కాలేసుకుని ఉన్నాను. "ఇక ఎవరూ కదలొద్దు. సీటు మారితే మ్యాచ్ పోతుంది" అని ఆర్డరేశాను. చిన్నప్పుడు వికెట్ పడుతుందని మా బాబాయిని బాత్‌రూమ్‌కి కూడా వెళ్ళనిచ్చేవాళ్ళం కాదు మరి. పిల్ల దాన్ని వేదవాక్కులా పట్టుకుంది.

కెనడా కూడా ఒక గోల్ కొట్టి సమం చేసింది. ఆట ఓవర్‌టైమ్‌లో పడింది. ఇక ఎవరు ముందు కొడితే వాళ్ళదే కప్పు. సరిగ్గా అప్పుడే మేడ మీద ఛార్జింగ్‌కి పెట్టిన నా ఫోన్ మోగింది.

"నాన్నా, డోంట్ మూవ్! ప్లీజ్! నువ్వు లేస్తే మనం లూజ్ అవుతాం!"

నిజం చెప్పొద్దూ, నాకూ లేవాలని లేదు. మళ్ళీ కాదంటారేమోనని భయం. పిల్ల మీద వంక పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఫోన్ మోగి మోగి ఆగింది.

రెండు నిమిషాల్లో కెనడా గోల్ కొట్టేసింది. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకోబెట్టి, నూడుల్స్ చేసిపెట్టి, గంట దాటాక గానీ మేడెక్కలేదు. ఆ గంటా పిల్ల కోసం కాదు, నా పిరికితనమే.

వాయిస్‌మెయిల్‌లో కంపెనీ తరఫు అమ్మాయి గొంతు. మేనేజర్‌కి ఇంకో రెండు చిన్న ప్రశ్నలున్నాయట, ఇద్దరిలో ఒకర్ని ఐదింటిలోపే తేల్చేస్తారట, వెంటనే ఫోన్ చెయ్యమంది. అప్పటికి టైము ఐదూ నలభై. అయినా చేశాను. రెండో మనిషి ఒప్పేసుకున్నాడని ఎంతో మర్యాదగా చెప్పింది. చేజేతులా నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నాను, ఇంకెవర్నని ఏం లాభం?

కిందికి దిగేసరికి పిల్ల ఇంకా సోఫాలోనే ఉంది. కళ్ళు వాచిపోయాయి. నన్ను చూసి పక్కకి జరిగింది.

"అది రాంగ్ సీట్ నాన్నా. సారీ. నేను నిన్ను ఆపకుండా ఉండాల్సింది. నువ్వు లేస్తే మనం విన్ అయ్యేవాళ్ళం."

"అవునమ్మా, లేవాల్సింది" అన్నాను.