ఆంజప్ప మార్చిన చీటీలు

హోసూరు దగ్గరి మత్తిగిరి పశువుల ఫారంలో పదిహేనేళ్లు ఆవులకు మేత వేసిన ఆంజప్ప, 2006లో బాగలూరు దారిలో ఉన్న ఒక పరిశోధనశాలలో ఎలుకలను సాకే పనికి చేరాడు. ఊళ్లో నవ్వనివాళ్లు లేరు. "ఆవుల్ని ఇడిసిపెట్టి ఎలికిల్ని మేపను పోతా ఉండావా?" అని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు.

"ఇవి తన్నవు కదప్పా."

అవి తెల్ల ఎలుకలు. మందు ఎక్కించి వాటి కిడ్నీలు చెడగొట్టి, మళ్లీ బాగుచేయగలమా అని చూసేది మధుమిత అనే పరిశోధకురాలు. ఎముకల మూలుగలోంచి మూలకణాలు తీసి, వాటిలో ఒక జన్యువు చొప్పించి, సగం పెట్టెల్లోని ఎలుకలకు ఇచ్చేది. మిగతా సగానికి ఉత్త సెలైన్. ఏ పెట్టెకు ఏది ఇచ్చారో ఆమె నోటుపుస్తకానికే తెలుసు.

"ఆ కణాలు లోపలికి పోయి ఏం చేస్తాయమ్మా?" అని ఆంజప్ప ఒకసారి అడిగాడు.

"కూలిన గోడకు మేస్త్రీలను పంపినట్టు అనుకో అన్నా. వాళ్ల చేతికి ఇంకా మంచి సామాను ఇచ్చి పంపుతా ఉండాము."

ఆయన ఊరికే అడగలేదు. కుందారపల్లిలో ఉన్న ఆయన అక్క కెంపమ్మకు షుగరు వల్ల రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు బస్సెక్కి హోసూరుకు డయాలిసిస్‌కి వచ్చేది. సాయంత్రం డ్యూటీ దిగాక ఆంజప్ప వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చునేవాడు.

కొట్టంలో పేడ చూసి ఆవు ఆరోగ్యం చెప్పిన మనిషి, ఇక్కడ ఎలుకల కింద పరిచే రంపపుపొట్టును చూసేవాడు. కిడ్నీ చెడ్డ ఎలుక నీళ్లు తెగ తాగుతుంది, తెల్లారేసరికి పొట్టంతా తడిపేస్తుంది. కొన్నాళ్లకు కొన్ని పెట్టెలు పొడిగా ఉండడం మొదలైంది. అది చూస్తే ఆయనకు లోలోపల హుషారు.

ఒక సోమవారం ఏడో పెట్టె చిత్తడిగా ఉంది. మూడు వారాలుగా పొడిగా ఉన్న పెట్టె అది. ఎప్పుడూ తడిగా ఉండే పదకొండోది పొడిగా ఉంది. ఆంజప్పకు అప్పుడు గుర్తొచ్చింది. శనివారం పెట్టెలు కడిగేటప్పుడు వాటి నంబరు చీటీలు తడవకూడదని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిరిగి తగిలించేటప్పుడు రెండు తారుమారయ్యాయి. బుధవారం ఆ చీటీల ప్రకారమే ఎలుకల రక్తం తీస్తారు. ఎవరూ చూడలేదు. చెబితే ఉద్యోగం పోవచ్చు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో అక్కకు జరిగింది చెప్పి, మెల్లగా అన్నాడు. "ఎలికిలే కదక్కా. చెప్పకుంటే ఏమైతాది?"

కెంపమ్మ తన మంచానికి వేలాడుతున్న చీటీని వేలితో చూపించింది. "దీన్ని పక్క మంచానికి తగిలిస్తే నాకేమైతాదో నీకు తెలుసు కదరా."

మర్నాడు మధుమిత రాగానే ఆంజప్ప ఎదురెళ్లి చెప్పేశాడు. ఆమె ముఖం మాడిపోయింది. వెళ్లి, రెండు పెట్టెల్లోని ఎలుకల చెవులకు మొదట్లో గుర్తుగా వేసిన రంధ్రాలను నోటుపుస్తకంతో పోల్చి చూసింది. నిజంగానే తారుమారు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"బయమైనాదమ్మా."

"అసలు నీకెట్లా తెలిసింది?"

పొట్టు సంగతి చెప్పాడు. నయమవుతున్నాయని తాను అనుకున్న పెట్టెల నంబర్లు అయిదు చెప్పాడు. మధుమిత పుస్తకం తిప్పి చూసుకుంది. అయిదింటిలో నాలుగు, కణాలు ఎక్కించినవే.

ఆంజప్పకు మెమో వచ్చింది గానీ ఉద్యోగం పోలేదు. మధుమిత ఆ రోజు నుంచి ప్రతి పెట్టెలో ఎలుకలు తాగే నీళ్లు కొలిపించింది. ఆరు నెలలకు తేలిందేమంటే, కణాలు ఎక్కించిన కిడ్నీలు పూర్తిగా కాకపోయినా బాగానే కోలుకున్నాయి.

కెంపమ్మ చూస్తానని పట్టుపడితే మధుమితే ఆమెను పిలిపించి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఎలుక కిడ్నీలోంచి కోసిన పలుచని ముక్క అది.

"ఇంతదాంట్లో ఎన్ని కాలవలో," అంది కెంపమ్మ, కన్ను తీయకుండా.

"ఈ వైద్యం మనుషులదాకా వచ్చేకి చానా ఏళ్లు పడతాదమ్మా. వస్తాదో రాదో కూడా చెప్పలేను," అంది మధుమిత.

"పట్టనీ తల్లీ. నీవు చేస్తా ఉండు. నాకు రెండు గంటలకి డయాలిసిస్ ఉంది," అంటూ కెంపమ్మ కొంగు సర్దుకుని లేచి, తమ్ముణ్ణి బస్సు చూడమంది.