ఇద్వల్ కోసిన మోడు

మా లోయలో పాత రైలు దారి మూతపడ్డాక ముళ్ళపొదలు దాన్ని మింగేశాయి. ఎంతగా మింగాయంటే, ఒకసారి నేను కొడవలితో పొదను చీలిస్తే లోపలినుంచి ఒక గొర్రె మనవళ్ళతో సహా బయటికొచ్చి, ఊరికి దారి అడిగి వెళ్ళింది. నమ్మనివాళ్ళు వేల్స్ వచ్చి ఆ గొర్రెనే అడగవచ్చు. ఆ దారిలో మళ్ళీ రైలు నడపాలని ఆదివారాలు జీతం లేకుండా పొదలు నరికే గుంపు మాది. నాకు బడి అచ్చిరాలేదు గానీ, కొడవలి పడితే నా ముందు నిలిచే పొద లేదు.

నా తర్వాత చెప్పుకోవలసినవాడు ఇద్వల్ ప్రోసర్. పాలబండి తోలి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న ఈ దారిలో సిగ్నళ్ళు చూసేవాడు. వంపు దగ్గరి చెక్క సిగ్నల్ స్తంభానికి ఏటా తనే తారు పూసేవాడట. ఇల్లంతా ఆ వాసనేనట. దారి మూసినప్పుడు ఆ స్తంభాన్ని పాత సామానువాళ్ళు పట్టుకుపోయారని ఊరంతా అంటుంది. ఇద్వల్ ఒప్పుకోడు. అది పొదల్లోనే ఉందనీ, మొదటి రైలుకు దాని రెక్క తానే దించి దారివ్వాలనీ ఆయన పట్టు.

“పొదల్లో మీ నాన్న స్తంభం ఒక్కటేనా తాతా, రెండో పెళ్ళాన్ని కూడా దాచాడా?” అనేవాణ్ణి.

“దాచుంటే నీకంటే ముందు పనిలోకొచ్చేదిరా, సోమరీ!”

అది ఫిబ్రవరి చివరి ఆదివారం. మార్చిలో పక్షులు గూళ్ళు కడతాయి, ఇక కొమ్మ ముట్టకూడదు. అందుకని మా గుంపు పెద్ద మెరెరిడ్ టీ కూడా నిలబెట్టే తాగించింది. వంపులో, నిలువెల్లా తీగ అల్లుకున్న ఎండు మోడు ఒకటి పట్టాలమీదికి ఒరిగి ఉంది.

“అది నాకొదిలెయ్యండి” అని ఇద్వల్ మోటారు రంపం అందుకున్నాడు.

“జాగ్రత్త తాతా, నీకంటే పెద్దది, మర్యాదగా కొయ్యి!” అని అరిచాను.

రంపం సగం పైగా దిగింది. పొట్టు గాల్లోకి లేచింది. తారు వాసన.

ఇద్వల్ చటుక్కున రంపం ఆపి, రెండు చేతులతో మోడును వాటేసుకున్నాడు. అది అప్పటికే వంగుతోంది. మెరెరిడ్ ఆయన కాలరు పట్టి వెనక్కి లాగింది. మోడు పడింది. చెట్టు పడితే అలా మోగదు. తీగల గుబురు చీలి, తెల్లపట్టీ ఉన్న ఎర్రరెక్క బయటపడింది.

నరికిన కొమ్మల్ని మంటలోకి ఈడుస్తున్నవాళ్ళు ఈడుస్తున్నట్టే ఆగిపోయారు.

“చెట్టనుకున్నా” అన్నాడు ఇద్వల్.

“మేమూ అలాగే అనుకున్నాం కదయ్యా” అంది మెరెరిడ్.

“మీరు దానికోసం వెతకలేదుగా. వెతికింది నేను.”

ఆ తర్వాత ఆయన చాలా ఆదివారాలు రాలేదు. ఒకరోజు పార భుజాన వేసుకుని వచ్చి, ఆ మొదలు పక్కనే గొయ్యి తవ్వాడు. పడిన స్తంభాన్ని అందరం కలిసి అందులో నిలబెట్టాం. పొట్టిదైపోయింది. అయినా మొదటి రైలుకు ఆయనే మీట లాగాడు, రెక్క దిగింది. చప్పట్లు కొట్టడం మాకు గుర్తు రాలేదు.

ఇదేమిటి ఇంత పొట్టిగా ఉందని రైలెక్కిన ఒకావిడ నన్నడిగింది. వెనకటికి మా దగ్గర మోకాలెత్తు డ్రైవరు ఒకడుండేవాడని మొదలుపెట్టాను.

“ఒరేయ్, ఇందులో నీ కోతలు కలపకు” అన్నాడు ఇద్వల్ వెనకనుంచి. “నేనే కోశానని చెప్పు.”

అందుకే ఇలా రాశాను. గొర్రె సంగతి వేరు.