ముందుగాల ఏది తియ్యాలె?

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే అతను, పాడైన హార్డ్ డిస్క్ ఎవరు తెచ్చినా, దాని మీది పసుపు దుమ్ము కుంచెతో దులిపి ఒకటే అడిగేవాడు: "ఎప్పుడు ఆగిపోతదో తెల్వదు సార్. ముందుగాల ఏది తియ్యాలె?" అడిగి, మన ముఖం చూడకుండా తల దించుకునేవాడు.

నేను బడిపంతులును. నా డిస్క్ పాడైనప్పుడు, మర్నాటి పరీక్ష ప్రశ్నపత్రాలు తియ్యమన్నాను. అవి వచ్చాయి. తర్వాత, చనిపోయిన మా అమ్మ పాడిన బతుకమ్మ పాట కాపీ పెట్టాడు. సగంలోనే డిస్క్ టిక్కుటిక్కుమని ఆగిపోయింది. ఆ సగం ఫైలు ఎంతకూ తెరుచుకోలేదు.

"అందరు పనికొచ్చేదే ముందుగాల అడుగుతరు సార్," అన్నాడు తల ఎత్తకుండానే. "నా డిస్క్ ఖరాబైనప్పుడు నేను గూడ గట్లనే చేసిన."

ఇప్పుడు అతనూ లేడు. ప్రశ్నపత్రాలు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి.