బావకు జ్వరం రాలేదు

మా బావకు జ్వరం రాలేదు. ఈ ఒక్క మాట సర్కారు చేత ఒప్పించడానికి మా అక్క పడ్డ తిప్పలు నాకు తెలుసు.

పాత సర్కారు కూలిపోయి, కొత్త సర్కారు మిలిటరీ, ఇంకా తుపాకులు దించని రైతు దళాలవాళ్ళ కోసం ఊళ్ళమీద పడిన రోజులవి. గరిడేపల్లి దగ్గర గొర్లు మేపుకునే మా బావ, దళంవాళ్ళు అడిగితే ముంతెడు పాలు పోశాడు. అదీ ఆయన నేరం. తుపాకీ పట్టుకున్నవాడు అడిగితే పొయ్యక ఏం చేస్తాడు? మిర్యాలగూడ క్యాంపుకు పట్టుకుపోయి, వారం తిరక్కముందే బండిలో శవాన్ని పంపారు. వెంట ఊరి పటేలు చేత కబురు: "జరంతోని పోయిండని చెప్పుండ్రి. ఇంకో మాటంటె ఇంట్ల మిగిలినోళ్ళను గుంజుకపోతరు."

శవానికి స్నానం చేయించింది నేనూ అక్కా. చేతివేళ్ళకు గోళ్ళు లేవు. మగవాళ్ళు చూసి కూడా తలలు దించుకున్నారు. అక్క దించుకోలేదు. మా వైపు ఆడవాళ్ళు పోయినవాణ్ణి పిలుస్తూ రాగం తీసి శోకం పెడతారు. శోకం పెట్టే మనిషిని ఆపే ఆచారం లేదు. "జరమొచ్చి పోయినవంటున్నరు నా దేవుడా! జరమొస్తె యేళ్ళ గోర్లు యాడబోయినయి నా దేవుడా!" అని ఊరు దద్దరిల్లేటట్టు ఏడ్చింది. ఆ మాట నోటానోటా సూర్యాపేట దాకా పాకింది.

సూర్యాపేటలో మా ఆయన బడిపంతులు. ఆయనది ఒకటే పాట: "లడాయి నడుస్తున్నది. గిప్పుడు సర్కారు మీద నోరిప్పితె దేశద్రోహమంటరు." పాత సర్కారు ఉన్నప్పుడు, జనం నోరు మూసుకుంటే రాజ్యం కళ్ళు నెత్తికెక్కుతాయని అరుగుమీద కూర్చుని ఉపన్యాసాలు దంచింది ఈ మనిషే. థూ!

మాట పాకినందుకు విచారణ పెట్టారు. కోదాడ బంగళాకు అక్కను పిలిపించారు. వచ్చిన అధికారికి తెలుగు రాదు. అక్క మాటలు ఉర్దూలో చెప్పడానికి మా ఆయన్నే కూర్చోబెట్టారు. నేనూ వెంట వెళ్ళాను.

అక్క ఏడవకుండా, నిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. గోళ్ళు, వీపు, విరిగిన చెయ్యి, అన్నీ. అంతా విని మా ఆయన, "దుఃఖంలో ఉంది సాబ్, ఏదేదో మాట్లాడుతోంది" అన్నాడు ఉర్దూలో.

సూర్యాపేటలో కాపురముండి ఆ మాత్రం ఉర్దూ నాకు రాదా? ఒళ్ళు మండిపోయింది. "ఝూట్ సాబ్! బుఖార్ నహీ, మారే!" అని అరిచాను. అబద్ధం, జ్వరం కాదు, కొట్టి చంపారు అని. అధికారి నావైపు చూసి, ఈమె ఎవరని మా ఆయన్ని అడిగాడు. నా భార్య అన్నాడాయన, సిగ్గుతో చచ్చిపోతున్నట్టు. అధికారి నవ్వి, లేచి వెళ్ళిపోయాడు. విచారణ ఖతం. జ్వరం ఖాయం.

బయటికొచ్చాక మా ఆయన అక్క ముందు చేతులు జోడించాడు. "వదినా, లడాయి అయిపోనియ్యి. అప్పుడు నేనే అడుగుత."

"లడాయి అయిపోయినంక అడగనీకి మస్తుమంది ఉంటరు మర్దీ. నాకు ఇయ్యాల గావాలె ఒక్క మనిషి" అంది అక్క.

లడాయి అయిపోయింది. ఆయన అడగలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ, కంచంలో అన్నం పెట్టిన ప్రతిసారీ "అడిగినవా?" అని నేను అడుగుతూనే ఉన్నాను.