దూదితో పుచ్చుకున్న ఉపదేశం

నేను చేసిన వెధవపనుల్లో మా ఆవిడకి చెప్పినవి కొన్ని, చెప్పనివి చాలా. అందులో ఒక్కటి మాత్రం, ఇన్నేళ్ళయినా సరే, తలుచుకుంటే చెవులు ఎర్రబడిపోతాయి. చెవులే ఎందుకంటారా? నేరం జరిగింది అక్కడే మరి. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

మాది లంబసింగి. మీరంతా చలికాలంలో జాకెట్లు తొడుక్కుని పొగమంచుకి ఫోటోలు తీయడానికి వస్తారే, ఆ ఊరే. మీరు రెండు రోజులుండి పోతారు, మిగతా చలంతా మాకు వదిలేసి. నన్ను పెంచింది మా మేనత్త సన్యాసమ్మ. కొంచెం కాఫీ తోట, నీడ చెట్లకి పాకించిన మిరియాల పాదులు, ఒక ఆవు, నేను. ఇదీ ఆవిడ సంసారం. ఇందులో పనికిరానిది నేనొక్కణ్ణే. టీచరు ట్రైనింగు పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పాను.

ఏటా చలికాలంలో ఒక గురువుగారు కింద మైదానం నుంచి చింతపల్లి వచ్చి, శిష్యుల ఇంట్లో వారం రోజులుండి, మంత్రోపదేశం చేసేవారు. ఆయన దగ్గర మంత్రం పుచ్చుకోవాలని అత్తకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. "పుస్తకంలో ఉన్నాది అచ్చురా. గురువు సెవిలో సెప్తేనే మంత్రం" అనేది. కానీ ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డు. ఒక ఏడు కాఫీ కోత, ఒక ఏడు ఆవు ఈనడం, ఒక ఏడు మావయ్య పోయిన మైల. చివరికి ఒక ఏడు పేరు రాయించుకుంది. గురువుగారికి ఓపిక తగ్గి, ఈసారి పదకొండు మందికే అన్నారు. పదకొండో పేరు మా అత్తది.

ముందు రోజు పొద్దున్న అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఒరే అప్పలరాజూ, నా బదులు నువ్వెళ్ళరా."

"నాకెందుకత్తా?"

"నాకేటి, పరీచ్చలా పాడా? నీ బుర్ర కుదురుగా నిలవాలంటే గురువుండాల. నేను వచ్చే ఏడు పుచ్చుకుంతాన్లే."

వద్దనాలా వద్దా? నేను కొత్త పంచె ఉందా అని అడిగాను. తిట్టాలనుకునేవాళ్ళు ఇక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు.

మర్నాడు మొదటి జీపుకి బయల్దేరాను. కొరికేసే చలి. రెండు చెవుల్లో దూది కుక్కి, పైన మంకీ క్యాపు బిగించాను. గురువుగారి ముందు కూర్చునేటప్పుడు మర్యాదగా క్యాపు తీశాను. దూది సంగతి మర్చిపోయాను. ఆయన ఇద్దరి తలల మీదా శాలువా కప్పి, నా చెవి దగ్గరికి వంగారు. వెచ్చగా ఊపిరి తగిలింది. అంతే. మూడుసార్లు తగిలింది. శాలువా తీసి, మామూలు గొంతుతో "తెలిసిందా నాయనా?" అన్నారు. అది మాత్రం దూదిలోంచి కూడా శుభ్రంగా వినపడింది.

"తెలిసింది స్వామీ" అన్నాను.

అరుగు మీద పులిహోర తింటూ చెవి గోక్కుంటే దూది చేతికొచ్చింది. లోపలికెళ్ళి మళ్ళీ చెప్పమని అడగొచ్చు కదా అంటారు. మిగతా పదిమందీ కళ్ళు అరమోడ్చి ఎక్కడో తేలుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, చెవిలో దూది ఉండిపోయిందండీ అని ఎలా అంటాను? సిగ్గేసింది. ఇంకో ముద్ద పులిహోర తిన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త అన్నం తినకుండా రోడ్డు మీదే నిలబడి ఉంది. "అయ్యిందా?"

"అయింది. అత్తా, అదీ..."

"సెప్పకు, సెప్పకు! ఎవులికీ సెప్పకూడదు!" అని ఆవిడ చెవులు ఆవిడే మూసుకుంది. నేనూ బతికాను రా భగవంతుడా అని నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే పీట వేసి, దీపం పెట్టి, పక్కనే చోళ్ళు, అంటే మీ రాగులు, చెరుగుతూ కూర్చునేది. "కానీ" అనేది. నూట ఎనిమిది సార్లు పెదవులు కదలాలి. ఏమని కదలాలి? సరిగ్గా అప్పుడే రోడ్డు మీద జీపువాడు ఊళ్ళ పేర్లు కేకేశాడు. అంతే, పట్టుకున్నాను. "ఓం నర్సీపట్నాయ నమః, ఓం డౌనూరాయ నమః, ఓం లంబసింగాయ నమః, ఓం చింతపల్లాయ నమః..." ఇలా జీపు ఆఖరున ఆగే గూడెం కొత్తవీధి దాకా. సంస్కృతం వచ్చినవాళ్ళు పెద్దమనసు చేసుకోవాలి.

ఏడాది పొడుగునా గొణుగుతూ అదే జపం. ఘోరం ఏమిటంటే, ఆ ఏడు పరీక్ష పాసయ్యాను. అత్త గురువుగారు ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. నేనూ పక్కన నిలబడి పెట్టాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఈసారి మొదటి పేరు అత్తదే. నేను తోడెళ్ళాను. గురువుగారు రమ్మంటే అత్త ముందుకెళ్ళింది గానీ పీట మీద కూర్చోలేదు.

"నాకు అర్హత నేదు బాబూ. దొంగతనం సేసినాను."

"ఏం దొంగిలించావమ్మా?"

"ఈ గుంటడి మంత్రం. పక్కన కూకుంటే సెవిన పడ్డాది. ఏడాదై నేనూ అదే సేసుకుంతన్నాను. మా ఊళ్ళ తల్లులందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టించినారు కదా మీరు! కిందనుంచొచ్చినోళ్ళెవులూ మా ఊళ్ళ పేర్లు మంత్రంలో కలపనేదు. ఆపుకోనేకపోయినాను."

గుమ్మం ఎంత దూరంలో ఉందో నేను చూసుకున్నాను.

"ఏదీ, చెప్పు" అన్నారు గురువుగారు. అత్త కళ్ళు మూసుకుని భక్తిగా చెప్పింది.

"గూడెం కొత్తవీధి దాకా వెళుతుందా అమ్మా?" అన్నారాయన.

"ఎల్తాది బాబూ."

ఆయన నాకేసి తిరిగారు. "ఏం నాయనా, ఇది నేనిచ్చిందేనా?"

చెప్పేశాను. దూది, పులిహోర, జీపు, అన్నీ. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అత్త నవ్వలేదు. నాకేసి చూసి, "మరి నా సోటు నీకిచ్చినాను కదరా" అంది. అంతే అంది. చెంప మీద కొట్టినా బాగుండేది.

గురువుగారు అన్నారు: "దూది మర్చిపోవడం తప్పు కాదయ్యా. మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డావే, అదీ తప్పు. అడిగితే చెప్పడానికి కాకపోతే నేనున్నది ఎందుకు?" తర్వాత అత్తని కూర్చోమన్నారు. ఆవిడ, ఎవరూ అడక్కుండానే, కుడి చెవీ ఎడమ చెవీ తిప్పి చూపించింది. శాలువా కప్పారు. బయటికొచ్చేసరికి అత్త కళ్ళ నిండా నీళ్ళు.

"మరి నాకు స్వామీ?" అన్నాను, సిగ్గు లేకుండా.

"నీకు మీ అత్తే గురువు. ఆవిడ ఏం చెబితే అదే."

మర్నాడు పొద్దున్న అత్త పీట వేసింది. నా చెవి పట్టుకుని మెలేసి, లోపలికి తొంగి చూసి, ఉపదేశించింది.

"ఓం నర్సీపట్నాయ నమః. నూట ఎనిమిది. రోడ్డుకేసి తిరిగి, గట్టిగా సెప్పు. ఏడాది."

ఏడాదీ చెప్పాను. జీపువాళ్ళు మా ఇంటి ముందు స్పీడు తగ్గించి మరీ, "స్వామీ, డౌనూరుకి రెండు సీట్లున్నాయి!" అని అరిచేవారు. అత్త మాత్రం పక్కన చోళ్ళు చెరుగుతూ తన మంత్రం చేసుకునేది. అదేమిటో నాకివాళ్టికీ తెలీదు. ఆవిడ పెదవి కదలదు. ఇప్పుడు నేను గూడెం కొత్తవీధి బడిలో మాస్టారిని. జీపు ఏ ఊళ్ళో ఆగినా చేతులు వాటంతటవే జోడించుకుపోతాయి.

కాబట్టి, నర్సీపట్నం మొదలు గూడెం కొత్తవీధి దాకా ఉన్న సకల గ్రామదేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎంత మంచు పడినా చెవిలో దూది పెట్టను. వినపడని మాటకి తల ఊపను. గురువుగారైనా, మా ఆవిడైనా, బడిలో రెండో తరగతి పిల్లయినా, "మళ్ళీ చెప్పండి" అని అడుగుతాను. మాట తప్పానో, అత్త ఇంకా గట్టిగానే ఉంది. నా చెవి ఎక్కడుందో ఆవిడకి బాగా తెలుసు.