రెండు తాటిచెట్లు ఒకటైన చోటు

ఈ ఉదయం ఆరుంబావుకు తెనాలిలో మా వీధి చివర ఎవరో ఇనుము కోస్తున్నారు. ఆ కాలిన వాసన కిటికీలోంచి రాగానే మాస్టారు గుర్తుకొచ్చారు. ఆయన విగ్రహాలు చేసేవారు. ఆయన శిల్పశాలలో నేను ముప్పై ఒక్క ఏళ్లు కొలతలు రాశాను. నాకు అరవై నిండినా ‘అమ్మాయ్’ అనే పిలిచేవారు.

ఆరేళ్ల కిందట రేపల్లె ఆసామి ఒకరు బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున వినోదాల పార్కు కడుతూ మా దగ్గరికి వచ్చారు. ముఖద్వారం దగ్గర అరవై అడుగుల ఈఫిల్ టవర్ కావాలన్నారు. అక్కడ అడ్డంగా ఉన్న ఒంటి తాటిచెట్టును కొట్టించేస్తామన్నారు. మాకు నాలుగు నెలలుగా పెద్ద పని లేదు. పందొమ్మిది మంది పనివాళ్లు మాస్టారి ముఖం వైపు చూస్తున్నారు.

“ముందు చోటు చూసొస్తానండి,” అన్నారు మాస్టారు.

“చోటుదేముందండి, ఇసుకేగా.”

“ఇసుకైతే మరీ చూడాలండి.”

బుధవారం ఇద్దరం వెళ్లాం. వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరిని మాస్టారు అడిగారు. “బాబాయ్, వేట నుంచి వస్తుంటే ముందు మీకేం కనబడుద్ది?”

“ఆ తాడిచెట్టేనయ్యా. దానెనకాల ఇంకోటుండేది. రెండూ కలిసి ఒక్కటిగా కనబడ్డాయంటే వాగు సముద్రంలో కలిసే మొగలోకి దారి సరిగ్గా ఉన్నట్టు. ఎనకది తుపానుకి పోయింది. అప్పట్నుంచి రెండు పడవలు ఇసుక మేటెక్కి బోల్తా పడ్డాయి. ఇప్పుడు దీన్నీ కొట్టేత్తారంటగా?”

తిరుగు బస్సులో పొన్నూరు దాటాక, “ఈఫిల్ టవర్ కాదమ్మాయ్, ఇనప తాటిచెట్టు,” అన్నారు మాస్టారు.

పటం నేనే గీశాను. ద్వారానికి ఒక పక్క బతికున్న చెట్టు, రెండో పక్క అంతే దూరంలో ఇనప చెట్టు. అంగుళం తేడా లేదు.

“చక్కగా ఉంది. ఎక్కణ్ణించి చూసి గీశావ్?”

“రోడ్డు మీంచండి.”

“పడవ రోడ్డు మీద రాదు కదమ్మాయ్.”

తలవంచుకుని పటం చింపేశాను. మళ్లీ వెళ్లి, బతికున్న చెట్టు నుంచి పడిపోయిన చెట్టు మోడు దాకా టేపు పట్టాను. ఎనభై నాలుగు అడుగులు. ఆ మోడు దగ్గర మాస్టారు వెదుర్లు కలిపి కట్టించి, చెట్టును మించిన ఎత్తున ఎర్రగుడ్డ ఎగరేయించారు. ఆసామినీ నన్నూ జాలరి పడవ ఎక్కించారు.

“తాటిచెట్టు చూడ్డానికి టిక్కెట్టెవరు కొంటారండి మాస్టారూ?” అని ఆసామి నవ్వుతూనే ఉన్నారు. పన్నెండు నిమిషాలు పోయాక జాలరి పడవను ఒడ్డు వైపు తిప్పాడు. చెట్టుకు ఎడంగా ఉన్న ఎర్రగుడ్డ మెల్లగా జరుగుతూ వచ్చి, సరిగ్గా చెట్టు నడినెత్తిన నిలిచింది. ఒడ్డంతా ఒక్కసారిగా ఆ ఒక్క గీత మీద నిలబడినట్టనిపించింది. జీవితమంతా కొలతలు రాసినదాన్ని, ఒక కొలత నా కళ్లముందే మాయమవడం అదే మొదటిసారి చూశాను.

“అదిగోనయ్యా దారి,” అన్నాడు జాలరి.

ఆసామి నవ్వు ఆగిపోయింది. ఒడ్డు చేరగానే ఫోన్ తీసి, “ఆ చెట్టు జోలికెళ్లొద్దు,” అని తన మేస్త్రీకి చెప్పారు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, “అయితే అరవై అడుగులకు మాత్రం తగ్గొద్దండి,” అన్నారు.

మాస్టారు పోయి రెండేళ్ల మూడు నెలలు. ఇప్పటికీ ఏది కొలవబోయినా, ఎవరి గురించి ఒక మాట అనబోయినా, నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానో ముందు సరిచూసుకుంటాను. నా పుస్తకంలో, ఆ మోడు చోట ఇనప చెట్టు నిలబెట్టిన పని చివరి పేజీలో రెండు చెట్ల మధ్య దూరం రెండుసార్లు రాసి ఉంది. ఒడ్డు మీద ఎనభై నాలుగు అడుగులు. పడవలోంచి సున్న. రెండూ నా చేతిరాతే, రెండూ సరైనవే.