శ్రీపాద గారి దూరపు చుక్క

శ్రీపాద గారికి ఒకటే జబ్బు. దేన్నైనా సగటు కట్టందే నోరు విప్పరు.

పెళ్లైన కొత్తలో పద్మజ "చారెట్లుందండీ?" అని మురిపెంగా అడిగింది.

"ఒక్క దినం చారుతోని ఏం తేలుతది? నెల కానీ, సగటు చెప్తా."

పిల్లలు కాలేజీలకొచ్చారు. ఆ నెల మాత్రం ఇంకా నిండలేదు.

ఉద్యోగం కూడా అట్లాంటిదే దొరికింది, పురావస్తు శాఖలో! తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు కడగడం, కొలవడం, గ్రాఫులు గీయడం. బయట కూడా అదే వరస. "చార్మినార్‌కు సగటున ఎంత తీసుకుంటవ్ భాయ్?" అంటే ఆటో అతను ఎగాదిగా చూసి, "సగటు చార్మినార్‌కు పోతవా, అసలు చార్మినార్‌కా సాబ్?" అన్నాడు.

మొన్న బహదూర్‌పురాలో వాళ్ల గల్లీలోనే మురుగు మోరీ కోసం తవ్వితే పాతకాలపు పెంకులు బయటపడ్డాయి. గల్లీకి గల్లీ అంతా వాటిని ఏరింది. కమ్యూనిటీ హాల్లో శ్రీపాద ప్రదర్శన పెట్టారు. పెద్ద అట్ట మీద పెంకుకో చుక్క. ఎంత పాతదైతే అంత ఎడమకు. పక్కనే ఏరినవాళ్ల పేరు.

పాలుపోసే ఆండాలు కూడా కొంగున ముడేసుకుని ఒక ముక్క తెచ్చింది. హాలు చూసుకునే మురళి పడీపడీ నవ్వాడు.

"అవ్వా, గది చాయ్ కప్పు! చెవి గూడ ఊడలే!"

"నాకేమెర్క బిడ్డా, మట్టిలనే దొరికింది. రేషన్ కార్డు మీద తప్ప నా పేరు యాడా లేకపాయె. గీడనన్న ఉంటదనుకున్న." ముక్కను మళ్లీ కొంగున ముడేయబోయింది.

శ్రీపాద చెయ్యి చాపి తీసుకుని భూతద్దం పెట్టారు. పక్కనే ఉన్న పద్మజ ఆయన చెవిలో గొణిగింది: "పాపమని నవాబుల కప్పని రాసేరు జాగ్రత్త, నౌకరీ ఊడుతది!"

తెల్లారేసరికి అట్టకు ఎడమవైపు చీమలు పట్టినట్టు చుక్కలు. కుడి చివర ఒంటరిగా ఒకే ఒక్కటి: "చాయ్ కప్పు. ఈ కాలపుది. ఏరింది: ఆండాలు."

"తీసెయ్యన్నా! సగటు ఖరాబైతది," అన్నాడు మురళి.

"ఖరాబైతే సగటునే తీసేద్దాం. అన్నిట్ని వరుసగ పేర్చి నడిమి పెంకు వయసు చెప్తే సరిపాయె. దూరపు చుక్కైతే ఏంది? దొరికిందా లేదా? ఉండనీ."

సగటును తీసేద్దామన్నది ఈయనేనా అని పద్మజ నోరు తెరిచింది.

వచ్చినవాళ్లంతా ముందు ఆ చుక్క దగ్గరికే. ఆండాలు పక్కన నిలబడి ఒకటే హడావిడి. "మీయన్ని గుంపుల పడ్డయ్. నాది సూడుండ్రి, ఎంత దర్జాగున్నదో! నా మనుమని మనుమలొచ్చేసరికి ఇది గూడ పాతదే అయితది!"

మధ్యాహ్నం ఇంట్లో పద్మజ పట్టుబట్టింది. "ఇయ్యాలన్న చెప్పుండ్రి, చారెట్లుంది?"

"ఒక్క దినం చారుతోని ఏం తేలుతది?" అంటూ ఆయన ఇంకో గరిటె పోసుకున్నారు.

అనుమానమొచ్చి పద్మజ ఓ చుక్క నాలుక మీద వేసుకుంది. ఉప్పు కషాయం!

"అయ్యో! గా పెండ్లైన కొత్తల చారు గూడ గిట్లనేనా?"

శ్రీపాద గాల్లో కుడి చివర ఎక్కడో వేలు పెట్టి చూపించారు.

"గది దూరపు చుక్క, పద్మజా. ఉండనీ."